తప్పు చెప్పిన వేలు

ఆ వీధిలో ఎవరి తలుపు మొండికేసినా కబురు ముందు తాళాలక్కకే వెళ్ళేది. తాళంచెవి పారేసుకున్నవాళ్ళు, చెవి లోపల ఉంచి తలుపు బయటికి లాగేసుకున్నవాళ్ళు, తాతగారి ఇనప్పెట్టెలో ఏముందో తెలియక నిద్రపట్టని మనవలు, అందరూ ఆమె కొట్టు మెట్టెక్కాల్సిందే. కొట్టంటే కూర్చున్న మనిషి మోకాళ్ళు బల్లకి తగిలే ఇరుకు గది. గోడ నిండా మేకులకి వేలాడే కోతపడని తాళంచెవులు, ఒక మూల సానమిషను, సొరుగులో సన్నవీ లావువీ ఆకురాళ్ళు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. తలుపు బయట నిలబడినవాడికి వయసు గుర్తుండదు.

ఈ పని ఆమెకు తండ్రి నేర్పాడు. కొడుకులు లేక కూతురికి నేర్పాడని జనం అనుకునేవారు గానీ, ఆయనకు ఇద్దరు కొడుకులుండేవారు. వాళ్ళ వేళ్ళకి తొందరెక్కువ. "తాళాన్ని బెదిరించకూడదు, బతిమాలకూడదు. అది ఏమంటోందో కనుక్కోవాలి" అనేవాడాయన. తాళం లోపల చిన్న చిన్న పిన్నులు స్ప్రింగుల మీద కూర్చుని ఉంటాయి. ఒక్కొక్కటీ తన ఎత్తుకి లేస్తేనే తాళం తిరుగుతుంది. వంచిన ఊచ ఒకటి లోపల పెట్టి, సన్నటి కొక్కెంతో పిన్నులను ఒక్కొక్కటే లేపుతూ పోతే, సరైన ఎత్తు దగ్గర వెంట్రుక మందాన ఏదో కదులుతుంది. ఆ కదలికను కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నడివేలూ పట్టుకోవాలి. వేళ్ళు పట్టలేనిది చెవి పట్టుకునేది, చెవికి అందనిది మణికట్టు పట్టుకునేది. పనిలో కూర్చుంటే ఆమెకు ఏది విన్నదో ఏది తాకి తెలుసుకున్నదో విడదీసి చెప్పడం చాతనయ్యేది కాదు. ఆ అవసరమూ ఎప్పుడూ రాలేదు.

ఒకరోజు పక్కవీధిలో ఇరుక్కుపోయిన షట్టరు పైకి లేపుతుంటే రేకు అంచు జారి ఆమె కుడి ముంజేతి మీద పడింది. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో ఎవరో రక్తం ఆపి, పైచర్మం చక్కగా కుట్టి పంపించారు. గాయం మానింది. వేళ్ళు మాత్రం మానలేదు. చిటికెనవేలు, ఉంగరంవేలు ఎప్పటిలాగే ఉన్నాయి. మిగతా మూడూ ఆమెవి కానట్టు, ఎవరో అప్పుగా తగిలించి వెళ్ళినట్టు ఉండేవి. టీ గ్లాసు పట్టుకుంటే అది చేతిలో ఉందో జారిందో నేల మీద పగిలాక తెలిసేది.

"పోనీలే, గ్లాసులకి వయసైపోయింది" అంది అత్త, ముక్కలు ఊడుస్తూ.

అత్త ఒకప్పుడు లాండ్రీలో ఇస్త్రీ చేసేది. నోరు కూడా ఇస్త్రీపెట్టె లాంటిదే, వేడి మీద ఉంటే ముడతలు మిగలనిచ్చేది కాదు. తాళాలక్క మొగుడు సరుకుల లారీ తోలతాడు, ఇంట్లో ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. అందుచేత ఇంట్లో పోట్లాటైనా సలహా అయినా ఈ అత్తాకోడళ్ళ మధ్యే నడిచేది.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి ఆమెను లాక్కెళ్ళింది కూడా అత్తే. ఆయన పొడుగ్గా, కాస్త ముందుకి వంగి ఉంటాడు. ఎదుటివాళ్ళు అర్థం చేసుకునేదాకా తరవాతి మాట మొదలుపెట్టడు.

"లోపల నరం తెగిందమ్మా. పైన కుట్టారు గానీ నరాన్ని చూసుకోలేదు. తెగిన కొసలు రెండూ దూరం జరిగిపోయాయి. నరమంటే ఒక్క తీగ కాదు. వేల పోగులు, ఒక్కోదానికీ సన్నటి తొడుగు. అవతలి ముక్కలో పోగులు చచ్చిపోయాయి, తొడుగులు ఖాళీగా మిగిలాయి. ఇవతలి నుంచి కొత్త పోగులు పెరిగి ఆ తొడుగుల్లో దూరి వేళ్ళదాకా వెళ్ళాలి."

"వెళ్తాయా?"

"మధ్యలో గండి ఉందిగా. అక్కడ చిన్న గొట్టం వంతెనలాగా పెడతాం. మామూలుగా అంతవరకే. ఇప్పుడు మేం ఇంకో పద్ధతి పరీక్షిస్తున్నాం. మీ పొట్ట దగ్గర కొవ్వులోంచి మూలకణాలు తీసి ఆ గొట్టంలో పెడతాం. అవి పోగులు పెరగడానికి సాయం చేస్తాయని మా ఆశ. ఆ కణాలని చురుగ్గా ఉంచడానికి రోజూ చేతి మీద అల్ట్రాసౌండ్ పెట్టాలి. కడుపులో బిడ్డని చూస్తారే, ఆ జాతిదే, బాగా సన్నటి మోతాదు."

అత్త కోడలి పొట్టకేసి చూసింది. "ఇన్నాళ్ళకి దానికీ ఒక పని దొరికిందన్నమాట."

"అత్తయ్యా!"

"నిజమేగా. అయ్యా, కోపం తెచ్చుకోకండి. అరచేతిలో వైకుంఠం చూపించట్లేదు కదా?"

డాక్టరు నవ్వాడు. "అరచేతిదాకా చేరితే చాలమ్మా, నేను వైకుంఠం దాకా పోను. పని చేస్తుందని మాట ఇవ్వలేను. పని చేస్తుందో లేదో తెలుసుకోవడానికే ఈ పరీక్ష. నరం పెరగడం గోరు పెరిగినంత నెమ్మది, కొంచెం ఎక్కువ అంతే. ఓపిక ఉంటేనే దిగండి."

"ఓపిక నా పనే" అంది తాళాలక్క. చెయ్యి ముందుకు చాపింది, అక్కడే అప్పుడే కోసినా సరేనన్నట్టు.

ఆపరేషను అయింది. కట్టు విప్పాక ఇంటికి చిన్న మిషను ఇచ్చి పంపారు. అరచేతిలో ఇమిడే నున్నటి బిళ్ళ, దానికో వైరు. మచ్చ మీద జిగురు రాసి, బిళ్ళని నెమ్మదిగా గుండ్రంగా తిప్పాలి. ఆ పని అత్త ఎవరికీ వదల్లేదు. "తిప్పడం నాకు నేర్పుతారా? నా జీవితమంతా తిప్పాను" అని కోడలి చేతిని బల్ల మీద పరిచి, మోచేతి నుంచి మణికట్టుదాకా ఇస్త్రీ చేసేది. మధ్యమధ్యలో, "కాలర్ దగ్గర ఇంకా ముడతలున్నాయి" అని విసుక్కునేది.

మొదటిరోజు తాళాలక్క ఆ బిళ్ళని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ఏమీ లేదు.

"శబ్దమేనన్నారుగా?" అంది.

"మనుషులకి వినపడని శబ్దమట."

"నాకు కూడానా?"

"నువ్వేమైనా గబ్బిలానివా? చెయ్యి కదపకు."

ఇంత పని చేసే శబ్దం తనకి వినపడకపోవడం ఆమెకు కొంచెం నామోషీగానే అనిపించింది.

ఆసుపత్రిలో పరీక్షలు చేసేది ఫిజియో అమ్మాయి. వేలికి ఉంగరం గానీ చేతికి గాజు గానీ లేకుండా, జుట్టు బిగించి కట్టుకుని వచ్చేది. ఆమె దగ్గర పిడికి గుచ్చిన నైలాన్ దారాలుండేవి, సన్నటివి మొదలుకుని లావువాటిదాకా. తాళాలక్క కళ్ళు మూసుకుని కుడిచెయ్యి మెత్తటి ముద్ద మీద ఆనించాలి. ఆ అమ్మాయి దారపు కొసతో ఏదో ఒక వేలిని తాకుతుంది. తెలిసినప్పుడు తెలిసిందని, ఏ వేలో చెప్పాలి. తెలియకపోతే ఊరుకోవాలి.

మొదట్లో తాళాలక్క ఊరుకునేది. తరవాత తరవాత మాట్లాడడం మొదలుపెట్టింది. "బొటనవేలు." కాసేపటికి, "నడివేలు." చెప్పినవన్నీ సరిపోయేవి. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త సన్నటి దారం. ఫిజియో అమ్మాయి ముఖం వెలిగిపోయేది. నరాల డాక్టరు వచ్చి చూసి, "ఇంత తొందరగానా!" అని తల ఊపాడు. ఒకసారి వేరే డాక్టర్లను కూడా వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళ ముందు తాళాలక్క కళ్ళు మూసుకుని అన్నీ సరిగ్గా చెప్పి, బహుమతి గెలిచిన పిల్లలా నిటారుగా నడుచుకుంటూ బయటికి వచ్చింది.

లోపల ఎక్కడో ఒక చిన్న నస మాత్రం ఉండేది. ఆసుపత్రిలో బాగా తెలిసే వేళ్ళకి ఇంట్లో ఏమీ తెలిసేది కాదు. గుండీ పెట్టుకోవాలంటే చూసుకుంటూ పెట్టుకోవాల్సిందే. పరీక్షలో దారం తాకినప్పుడు కూడా, తెలిసింది అని నోరు అనేది గానీ, ఎక్కడ తెలిసిందని వేళ్ళని అడిగితే అవి పలికేవి కావు. డాక్టర్లే బాగుందంటుంటే మధ్యలో నాకెందుకు అనుమానం అని ఆమె ఆ నసని పక్కకి నెట్టేసింది. కొట్టు తెరిచింది. సులువైన తాళాలు ఎడంచేత్తో, వింటూ, విప్పేసింది. కొత్త తాళంచెవులు కోసి ఇచ్చింది. ఫోనులో మొగుడికి చెప్పింది, "నెమ్మదిగా ఇనప్పెట్టెలకి కూడా ఒప్పుకుంటానండీ" అని.

"ఒప్పుకో. నా ఆరోగ్యం బాగా లేదని నా నోటికి కూడా తాళం వేసింది అమ్మ, దాన్నీ ఒకసారి చూడు" అన్నాడతను. తిండి తగ్గించమని తల్లి పెట్టిన ఆంక్షల మీద అతని కక్ష అది.

తరవాతి పరీక్షకి వెళ్ళినప్పుడు ఫిజియో అమ్మాయి దారం తీయబోతూ ఆగింది. తాళాలక్క బొటనవేలు తిప్పి దీపం కింద పెట్టి చూసింది.

"అక్కా, ఈ బొబ్బ ఎప్పటిది?"

"ఏ బొబ్బ?"

వంగి చూసుకుంది. బొటనవేలి కొస మీద, నీరు పట్టి, గింజంత బొబ్బ. సానమిషను మీంచి అప్పుడే తీసిన తాళంచెవి కాలుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుని గిరాకీకి ఇచ్చి ఉంటుంది. ఇచ్చింది గుర్తుంది. కాలింది గుర్తులేదు.

ఫిజియో అమ్మాయి దారాన్ని పక్కన పెట్టి, లేచి వెళ్ళి, పెద్ద హెడ్‌ఫోన్లు పట్టుకొచ్చింది. "ఇవాళ ఇవి పెట్టుకుని చేద్దామా?" అంది. అవి చెవులకి తగిలించగానే రేకుల మీద వాన కురుస్తున్న హోరు. తాళాలక్క కళ్ళు మూసుకుంది.

ఆ హోరులో ఆమెకు గది పోయింది. అప్పుడు గానీ తెలియలేదు, ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకున్నా గదంతా తనకి కనిపిస్తూనే ఉండేదని. ఆమె ఎదురుచూసింది. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. ఊరుకుంటే తప్పవుతుందేమోనని, "చూపుడువేలు" అంది. ఇంకాసేపటికి, "బొటనవేలు" అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

హెడ్‌ఫోన్లు తీశాక ఫిజియో అమ్మాయి కుర్చీ దగ్గరగా జరుపుకుంది. కుర్చీ కిర్రుమంది.

"ఇదిగో, ఇదే" అంది ఆ అమ్మాయి. "బొటనవేలికి నేను ఇటు వంగాలి. కుర్చీ కిర్రుమంటుంది. నడివేలికి వంగక్కర్లేదు. తాకే ముందు ఊపిరి బిగబడతాను, ఇప్పుడే గమనించాను. మీరు నన్ను తాళం విప్పినట్టు విప్పేశారక్కా."

"ఇప్పుడు చెప్పినవి?"

"చూపుడువేలు అన్నప్పుడు నేను అసలు తాకలేదు. లావు దారంతో గట్టిగా తాకినప్పుడు మీరు ఊరుకున్నారు."

తాళాలక్క చేతిని ఒళ్ళోకి తీసుకుంది. "నేను కావాలని చెయ్యలేదమ్మా."

"తెలుసు. తప్పు నాదే, మొదటిరోజే చెవులు మూయాల్సింది." అంది ఆ అమ్మాయి. "కానీ ఒక్క మాటక్కా. మీరు అవునన్న ప్రతిసారీ ఈ వైద్యం పని చేసిందని మేం అనుకున్నాం. రేపు ఇంకొకళ్ళకి ఇలాగే చెయ్యి తెగితే, మీ అవునుని నమ్మి వాళ్ళ చెయ్యి కోస్తాం."

ఆ మాట ఆమెకు కొట్టినట్టు తగిలింది. తన నోటి మాట తనతో ఆగదని ఆమె అనుకోలేదు. వేసిన తాళం సరిగ్గా పడకుండానే పడిందని ఇంటివాళ్ళకి చెప్పి వచ్చినట్టయింది. అంత పని ఆమె బతుకులో చెయ్యలేదు.

నరాల డాక్టరు పాత ఫలితాలన్నీ పక్కన పెట్టేశాడు. ఆమె మీద విసుక్కోలేదు. మణికట్టు పైన మచ్చ వెంబడి వేలితో టకటకా కొట్టి, "ఇక్కడ కరెంటు కొట్టినట్టు ఏమైనా?" అని అడిగాడు.

ఈసారి ఆమె తొందరపడలేదు. "లేదు... మచ్చ దాటాక, ఇక్కడ. కొంచెం."

"నిజంగానా, నేను అడిగాననా?"

"మళ్ళీ కొట్టండి. నేను అటు తిరుగుతా." గోడకేసి తిరిగి, చెవులు రెండూ భుజాలకి ఆనించుకున్నంత పని చేసింది. "ఊఁ. అక్కడే. అరచేతిలోకి పాకింది."

"పోగులు అక్కడిదాకా వచ్చాయన్నమాట" అన్నాడాయన. "కానీ వేళ్ళకి చేరతాయో లేదో చెప్పలేను. వర్షాలు మొదలయ్యేలోగా వేలి కొసల్లో ఏదో ఒకటి తెలియాలి. అప్పటికీ తెలియకపోతే ఇక నా చేతిలో ఏమీ ఉండదమ్మా. ఉన్న వేళ్ళతో చేసుకోగలిగిన పని చూసుకోవాలి."

బస్సులో అత్త చాలాసేపు కిటికీలోంచి చూసింది. అంతసేపు ఆమె మాట్లాడకపోయేసరికి కోడలికి భయం వేసింది.

"ఏంటత్తయ్యా, తిట్టండి."

"ఎందుకు తిట్టడం? తొంగిచూడకుండా తాళం విప్పమంటే నీకెలా వస్తుంది, నీ పుట్టుకే అది. ఇప్పుడు చెవులు మూసుకుని కూర్చో. అంతే." తరవాత, దిగబోతూ, "కాలర్ దగ్గర ఇంకా గట్టిగా రుద్దుతాను" అంది.

"గట్టిగా రుద్దకూడదట!"

"సరే, మెత్తగా గట్టిగా."

ఆ రోజు నుంచి తాళాలక్క కొట్టులో చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. సానమిషను దగ్గర కుడిచేతికి తోలు తొడుగు వేసుకుంది. తెలిసిన తాళం ఒకటి ఎడంచేత్తో పట్టుకుని, కొక్కెం కుడిచేతికిచ్చి, కళ్ళు మూసుకుని లోపల వెతికేది. వచ్చినవాళ్ళు పిలిస్తే పలికేది కాదు. "అక్కకి చెవుడొచ్చింది" అని వీధిలో పుకారు లేచింది. బట్టల కొట్టాయన పనిగట్టుకుని వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "అక్కా! మా బీరువా!" అని అరిచాడు.

దూది తీసి, "వినపడుతోందన్నా, వీధి చివరిదాకా వినపడుతోంది" అంది ఆమె. "బీరువాకి ఇంకొకళ్ళని పిలుచుకో. నా చెయ్యి ఇంకా రాలేదు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక ఏమీ కూలిపోలేదు. బట్టల కొట్టాయన తల గోక్కుని, "అయితే ఆగుతాంలే. లోపలున్నవి పాత చొక్కాలే" అని వెళ్ళిపోయాడు.

అత్త ఇస్త్రీ మానలేదు. ఆ కరెంటు జలదరింపు మచ్చ దగ్గర్నుంచి అరచేతి మధ్యకి, అక్కణ్ణించి వేళ్ళ మొదళ్ళకి పాకింది. ఆమె దాన్ని ఎవరికీ గొప్పగా చెప్పలేదు. అడిగితే, ఉన్నచోటే ఉందనేది, లేనిచోట లేదనేది. వేలి కొసలు మాత్రం మూసిన షట్టర్లలాగే ఉన్నాయి.

మొదటి మబ్బులు పట్టిన రోజున ఆమె మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంది. ఫిజియో అమ్మాయి తన కుర్చీ మార్చేసింది, ఇది కిర్రుమనడం లేదు. డాక్టరు తలుపు దగ్గర నిలబడ్డాడు. అత్తని బయట కూర్చోమన్నారు, ఆమె వినలేదు, నోటి మీద చెయ్యి పెట్టుకుని మూలన నిలబడింది. హెడ్‌ఫోన్లలో హోరు మొదలైంది.

తాళాలక్క ఎదురుచూసింది. ఏమీ లేనప్పుడు ఊరుకోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. నాలుక కొస దాకా మాట వచ్చేది. మింగేసేది. దారం తాకుతోందో, ఎప్పుడో తాకేసి వెళ్ళిపోయిందో. ఇవాళ్టితో తేలిపోతుంది. తేలితే తేలనీ, లేనిదాన్ని ఉందనను అనుకుంది.

అప్పుడు చూపుడువేలి కొస మీద ఏదో వాలింది. దోమ వాలినట్టు కూడా కాదు, దోమ నీడ వాలినట్టు. ఆమె ఊపిరి ఆపింది. పోయింది. మళ్ళీ వచ్చింది, అక్కడే.

"చూపుడువేలు" అంది. కాసేపాగి, "మళ్ళీ. చూపుడువేలే."

హెడ్‌ఫోన్లు తీసేశారు. ఫిజియో అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది.

"నేను తాకింది నడివేలినక్కా."

తాళాలక్క "అయితే తప్పేగా" అంది. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

ఆ అమ్మాయి గబుక్కున మణికట్టు పట్టుకుంది. "తీయకండి! రెండుసార్లూ నేను తాకినప్పుడే చెప్పారు, తాకనప్పుడు నోరెత్తలేదు. రెండుసార్లూ నడివేలే, రెండుసార్లూ మీరు చూపుడువేలన్నారు. విని చెప్పేవాళ్ళు ఇలా తప్పు చెప్పరక్కా. వింటే సరిగ్గా చెప్తారు. ఇది తగిలితేనే వచ్చే తప్పు."

డాక్టరు తలుపు దగ్గర్నుంచి వచ్చేశాడు. దారం తనే తీసుకుని, ఆమెను చూస్తూ ఉండమని, నడివేలి కొసని తాకాడు.

"ఎక్కడ?"

"కనబడేది నడివేలి మీద. తెలిసేది చూపుడువేలిలో." ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఇదేం విడ్డూరం!"

"కొత్త పోగులు పక్క తొడుగులో దూరాయి. మెదడుకి ఆ సంగతి తెలియదు, పాత చిరునామానే చదువుతోంది. ఇలా చూస్తూ తాకుతూ తాకుతూ ఉంటే దానికి కొత్త చిరునామా అలవాటవుతుంది. మిగతా రెండు వేళ్ళకి ఇంకా టైం పడుతుంది. మూలకణాలదీ అల్ట్రాసౌండుదీ ఎంత ఘనత, మీ ఓపికది ఎంత, నేనిప్పుడే చెప్పలేను. ఇంకా చాలామంది చేతులు చూడాలి. కానీ మీ చెయ్యి వచ్చింది. ఈసారి రాసుకుంటాను."

మూలలోంచి అత్త చెయ్యి నోటి మీంచి తీసింది. "ఇంతకీ తప్పు చెప్పిందా, ఒప్పు చెప్పిందా?"

"తప్పు చెప్పిందమ్మా, అదే ఒప్పు."

"మా ఇంట్లో నేనెప్పుడు తప్పు చెప్పినా ఎవరూ ఇంత సంబరపడలేదు" అంది అత్త. కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని గోడకేసి తిరిగింది.

మర్నాడు తాళాలక్క కొట్టు తెరిచి, దూది లేకుండా కూర్చుంది. బల్ల మీద కుడిచెయ్యి పరిచి, పెన్సిలు కొసతో నడివేలిని తాకింది. చూసింది. ఇది నడివేలు. మళ్ళీ తాకింది. వేలు తాను చూపుడువేలినని మొండికేసింది. ఆమె కోప్పడలేదు, బతిమాలలేదు. మళ్ళీ తాకింది.

బట్టల కొట్టాయన తల లోపలికి పెట్టాడు. "చెయ్యి వచ్చిందటగా అక్కా? మరి బీరువా?"

"వస్తానన్నా. వచ్చి విప్పేది నేనే, ఇంకెవరినీ పిలవకు." ఆమె వేలి మీంచి కళ్ళు తీయలేదు. "ముందు వీళ్ళలో ఎవరు ఎవరో వీళ్ళకి చెప్పనీ."